దైవాశీర్వాదం అంకుల్ కుక్కల రిజిస్టర్

"అంకుల్, పొద్దు గూకితే మా రూబీకి కళ్లు కనబడటం లేదు. ఇందాక సోఫాకి గుద్దుకుంది. ఇది మా బ్యూలాకి అంటుకోదు కదా?"

"మైక్రోబయాలజీ చదివిన పిల్లవి, నన్నడుగుతావేంటమ్మా?" అన్నారు ఫోన్‌లో అవతల దైవాశీర్వాదం గారు. "లైట్లు వెయ్యకు. వస్తున్నా."

అంటుకోదని నవోమికీ తెలుసు. అయినా రెండేళ్ల కూతురు బ్యూలా ఒక్కసారి తుమ్మితే థర్మామీటరు వెతికే మనిషి ఆమె. పైగా రూబీని తెచ్చిచ్చింది అంకులే. "పసిపిల్లలున్న ఇంటికి స్పానియల్‌ని మించిన కుక్క లేదు, నాదీ పూచీ" అని మరీ ఇచ్చారు.

అది 1985 అక్టోబరు, అమెరికాలోని నోవై ఊరు. దైవాశీర్వాదం గారిది బాపట్ల. కార్ల కంపెనీలో విడిభాగాల కొలతలు సరిచూసే ఉద్యోగం. వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపేస్తారని పేరు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలులో జరిగే తెలుగు ఆరాధనలో బాప్తిస్మాల రిజిస్టర్ రాసేదీ ఆయనే. అక్కడ మాత్రం కొలతలుండవు. తల్లి గుర్తు చేసుకుని పుట్టిన తేదీ చెబితే చెప్పింది చెప్పినట్టు సిరాతో ఎక్కించేవారు. సంఘంలో మాటే రుజువు.

ఆ చేతిరాత చూసే పక్కింటి వాల్టర్ ఏడేళ్ల కింద ఆయన్ని పట్టుకున్నాడు. వాల్టర్ బాతుల వేటగాడు. చిన్న పడవలో ఇమిడేంత చిన్నది, తుంగలో కలిసిపోయే గోధుమరంగుది, చల్లటి నీళ్లకు జంకనిది, అలాంటి స్పానియల్ కోసం అతని తండ్రి కాలం నుంచి అక్కడి వేటగాళ్లు స్ప్రింగర్, కాకర్ రకాలనీ నీటి స్పానియళ్లనీ కలుపుతూ వచ్చారు. ఒక్కో పొలంలో ఒక్కో సైజు కుక్క తయారైంది. వాటన్నిటినీ ఒక జాతిగా నిలబెట్టాలని వాల్టరూ మరో పదముగ్గురూ క్లబ్బు పెట్టుకున్నారు. జాతి అనిపించుకోవాలంటే ఏ తల్లికి ఏ తండ్రికి ఎన్ని పిల్లలు పుట్టాయో, అవి ఏమయ్యాయో రిజిస్టర్ కావాలి. "నువ్వే రాయాలి, డేవ్," అని వాల్టర్ డాలీ అనే ఆడ కుక్కపిల్లను కానుకగా ఆయన చేతిలో పెట్టాడు. అప్పటినుంచి థాంక్స్‌గివింగ్ భోజనం వాల్టర్ ఇంట్లో, క్రిస్మస్ బిర్యానీ ఈయన ఇంట్లో.

దైవాశీర్వాదం గారు వచ్చి, మసక చీకట్లో రూబీ ముందు చిన్న దూది ఉండ జారవిడిచారు. చప్పుడు లేకుండా రాలిన దూదిని కుక్క చూడలేదు. లైటు వేసి మళ్లీ విడిచారు. ఠక్కున తల తిప్పింది.

"రేచీకటి," అన్నారు. "రెటీనా పాడవుతోంది. కొన్నాళ్లకి పగలూ కనబడదు."

నవోమి బ్యూలాని ఎత్తుకుని, "ఇది దాగి ఉండే లక్షణం అంకుల్. తల్లీ తండ్రీ ఇద్దరి రక్తంలోనూ ఉంటేనే బయటపడుతుంది. దీని తల్లి మీ డాలీ కదా, తండ్రి ఎవరు?" అంది.

"వాల్టర్ దగ్గరున్న కెప్టెన్. డాలీకి తాత కూడా అదే. రంగు నిలవాలంటే దగ్గరి రక్తమే కలపాలన్నాడు."

"మేనరికాలు వద్దని సంఘంలో అందరికీ క్లాసు పీకుతారు. కుక్కలకి మాత్రం దగ్గరుండి చేశారా?"

ఆయన వెంట తెచ్చిన కుక్కల రిజిస్టర్ తెరిచారు. కెప్టెన్‌కు పుట్టినవి ఆరు ఈతల పిల్లలు. ప్రతి ఈత పక్కనా ఆయన అక్షరాలే: అన్నీ క్షేమం.

"మీరు చూశారా?"

"వాల్టర్ ఫోన్‌లో చెప్పాడు."

"అంత కొలతల మనిషి, చూడకుండా ఎలా రాశారంకుల్? మిమ్మల్ని నమ్మే కదా ఇంట్లో పెట్టుకున్నాం!"

మర్నాడు ఆయన నవోమినీ వెంటబెట్టుకుని వాల్టర్ ఇంటికి వెళ్లారు. వాల్టర్ దాచలేదు కూడా. మూడేళ్ల కిందటే కెప్టెన్ పిల్లలు రెండు గుడ్డివయ్యాయని, దూరాన ఎవరి పొలానికో పంపేశానని చెప్పాడు.

"అన్నీ బాగున్నాయన్నావు."

"కెప్టెన్ లాంటి తల, ఆ రంగు మళ్లీ రావు, డేవ్. రెండు పిల్లల కోసం జాతినే వదులుకుంటామా?"

"నాకు చెప్పి ఉంటే డాలీని దానితో కలపనిచ్చేవాణ్ని కాదు."

"అందుకేగా చెప్పలేదు," అన్నాడు వాల్టర్, నవ్వుతూనే.

డిసెంబరులో రిజిస్టర్ మూసేయాలని క్లబ్బు నిర్ణయం. మూస్తే ఇక బయటి రక్తం చేరదు. కెప్టెన్ గుడ్డితనం ఆ జాతిలోనే తిరుగుతూ ఉంటుంది. దైవాశీర్వాదం గారు సమావేశంలో లేచి ఆరు ఈతల పిల్లల పేర్లూ చదివి, "నేను రాసింది అబద్ధం. కొత్త రక్తం కలిపేదాకా పుస్తకం మూయొద్దు," అని అడిగారు. చేతులెత్తించారు. ఆయన వైపు లేచింది ఆయన చెయ్యి ఒక్కటే. వాల్టర్ వచ్చి ఆయన భుజం తట్టి, ఇన్నేళ్ల సేవకు థాంక్స్ చెప్పి, రిజిస్టర్ తీసేసుకున్నాడు.

పుస్తకం పోయినా చిరునామాలు ఆయన దగ్గరున్నాయి. కెప్టెన్ పిల్లలున్న ప్రతి ఇంటికీ సొంత చేత్తో ఉత్తరం రాశారు. డాలీకి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. క్రిస్మస్‌కి బిర్యానీ వండలేదు.

కోపం చల్లారాక నవోమి ఒకరోజు అడిగింది: "ఇప్పుడు ఎవర్నీ నమ్మరా, అంకుల్?"

"నమ్మక బతుకుతామా తల్లీ? కళ్లారా చూసింది సిరాతో రాయి. ఒకరు చెప్పింది పెన్సిల్‌తో రాయి. చూసొచ్చాక దాని మీద సిరా దిద్దు."

బాప్తిస్మాల రిజిస్టర్ కూడా ఇప్పుడు అలాగే రాస్తున్నారు. బర్త్ సర్టిఫికెట్ తెమ్మంటున్నారని తల్లులు విసుక్కుంటున్నారు.

రూబీ పూర్తిగా గుడ్డిదైంది. బ్యూలా దాని పట్టెడ పట్టుకుని ఇల్లంతా తిప్పుతుంది. నవోమి ఫర్నిచర్ కదపదు. ఫ్రిజ్ మీద బ్యూలా నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. సాయంత్రం ఆఫీస్ నుంచి రాగానే బేబీసిటర్ చెప్పిందంతా, "పాలు తాగింది, జ్వరం లేదు," అని పెన్సిల్‌తో రాస్తుంది. తర్వాత పాప చంకలో థర్మామీటరు పెట్టి, చూసి, అప్పుడు పెన్ను తీస్తుంది.