గిన్నెలకు చెప్పిన పాఠం

నా చిన్నప్పుడు భాలుబాసా పేటలో మా ఇళ్ల వరుసలో చదువంటే చప్పుడు. ఏ ఇంట్లోంచి గొంతు ఎంత దూరం వినిపిస్తే ఆ ఇంటి పిల్లవాడు అంత గొప్పగా చదువుతున్నట్టు లెక్క. శ్రీకాకుళం వైపు నుంచి ఇనుము కంపెనీలో పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మావి. మగవాళ్లు షిఫ్టులకు పోయేవారు, ఆడవాళ్లు ఇల్లు చూసుకునేవారు. కాలేజీ చదువు ఎలా చదవాలో ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. అందుకని చెవిన పడిందే చదువనుకున్నారు.

మా పక్కింట్లో ఇద్దరు కాలేజీకి వెళ్లేవారు. ఒకడు అన్న, రెండోది అతని చెల్లెలు. ఆమెను నేను అక్క అని పిలిచేదాన్ని. అన్నగారి చదువు వీధి అరుగు మీద సాగేది. ఒళ్లో పుస్తకం తెరిచి పెట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఉన్న పేజీనే మళ్లీ మళ్లీ అరిచేవాడు. వాళ్లమ్మ పాలగ్లాసు పట్టుకుని పక్కన నిలబడేది. దారిన పోయేవాళ్లు అతని ముందుకొచ్చేసరికి గొంతు తగ్గించుకునేవారు. అతను ఇంటర్ తప్పాడు. మరుసటి ఏడు మళ్లీ తప్పాడు. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తిప్పి పోశారు గాని, ఆ ఊగుడులో ఏమైనా లోపముందా అని ఒక్కరికీ తోచలేదు. ఆఖరికి అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే పరీక్షకు కట్టవలసి వచ్చింది.

అక్కకు పాలూ లేవు, అరుగూ లేదు. ఉన్నదల్లా పెరట్లో కొళాయి, దాని కింద ఇంటెడు అంట్లు. ఆమె గడప దగ్గర కూర్చుని ఒక పేజీ నిదానంగా, పెదవి కదపకుండా చదివేది. తర్వాత పుస్తకం మూసి గూట్లో పెట్టి, కొంగు బిగించుకుని గిన్నెల ముందు కూర్చునేది. అప్పుడు మొదలయ్యేది అసలు చదువు. గొంతు బాగా తగ్గించి, లెక్చరర్‌గారిలా గంభీరంగా గిన్నెలను ఒక ప్రశ్న అడిగేది. వెంటనే కళ్లు మూసుకుని, తన మామూలు గొంతుతో జవాబు చెప్పేది. ఎక్కడైనా తడబడితే బూడిద చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి, పుస్తకంలో ఆ ఒక్క ముక్క చూసి వచ్చి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేది. సరిగ్గా చెప్పేసిన రోజు గిన్నెల వంక చూసి నవ్వేది.

నేను మూడో తరగతి. బట్టలుతికే రాయి మీద కూర్చుని వినేదాన్ని. గిన్నెల్లో నేనూ ఒక గిన్నెను. ఒకసారి నా పిడికిలి మూయించి, ఇదే నీ గుండె అనుకో అని, ఒళ్లంతా తిరిగిన రక్తం ఏ గదిలోకి వస్తుందో, ఊపిరితిత్తులకు ఎలా పోతుందో, అక్కణ్ణుంచి ఏ గదిలోకి తిరిగి వస్తుందో వేలితో గీసి చూపించింది. ముందు తెలుగులో చెప్పి, తర్వాత అదే ఇంగ్లీషులో అప్పజెప్పుకుంది. పుస్తకం చూస్తూ చెప్పుకోవచ్చుగా అని అడిగాను.

"సూత్తే అంతా వచ్చీసినట్టే ఉంటాదే గుంటా. మూత్తే గానీ తెలీదు, వచ్చిందో నేదో," అంది.

తర్వాత నేను చదివిన ఏ చదువులోనూ దీన్ని మించిన మాట నాకు దొరకలేదు.

పరీక్షలు దగ్గరపడ్డాక ఊరి నుంచి వాళ్ల నాయనమ్మ రైల్లో దిగింది. మర్నాడు పెరట్లోకి వచ్చి చూస్తే మనవరాలు కళ్లు మూసుకుని, ఎదురుగా మనిషి లేకుండా, ఒకసారి మగగొంతుతో, ఒకసారి ఆడగొంతుతో మాట్లాడుతోంది. మధ్యలో నవ్వుతోంది. ఆ ముసలామెకు అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పిల్లకు గాలి సోకిందంది. పొద్దు గూకేలోగా మా వరుసంతా పాకిపోయింది. అక్క మొదట నవ్వింది, తర్వాత వివరించింది, ఆ తర్వాత ఏడ్చింది. మూడూ దెయ్యం లక్షణాలే అన్నారు.

భూతవైద్యుడు ఖర్కాయి నది అవతలి నుంచి వచ్చాడు. మంగళవారమైతేనే దెయ్యం దిగుతుందన్నాడు. ఆ మంగళవారమే అక్కకు జీవశాస్త్రం పరీక్ష, మధ్యాహ్నం రెండు గంటలకు. పరీక్ష రాసి వచ్చాక మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండని అక్క అందరి కాళ్లూ పట్టుకుంది. దెయ్యం తప్పించుకోవడానికి ఎత్తు వేస్తోందని వాళ్ల నాయనమ్మ అడ్డుపడింది. తండ్రి మధ్యాహ్నపు బి షిఫ్టుకు సంచి తగిలించుకుని, ఆడవాళ్ల యవ్వారమంటూ సైకిలెక్కి వెళ్లిపోయాడు. అన్నగారికి నోట్లో పెరుగూ పంచదారా పెట్టి, శకునం చూసి రిక్షా ఎక్కించారు. చెల్లెలు లోపలి నుంచి పిలుస్తూనే ఉంది. అతను వెనక్కి తిరగలేదు.

అక్కను ఆ కొళాయి గొట్టానికే కట్టేశారు. ముక్కు కింద ఎండుమిరపకాయల పొగ పెట్టారు. వేపమండలతో వీపు మీద, చేతుల మీద కొడుతూ వైద్యుడు ఉరిమాడు. "ఎవలవే నువ్వు? సెప్పు! సెప్తావా, సెప్పవా?" ఆమె పళ్లు బిగించి తల తిప్పుకుంది. మా వరుసలోని ఆడవాళ్లంతా చుట్టూ మూగి చూస్తున్నారు. మా అమ్మ కూడా ఉంది.

అప్పుడు కంపెనీ రెండు గంటల సైరన్ మోగింది.

అక్క కళ్లు మూసుకుంది. దెబ్బలు పడుతూనే ఉన్నాయి. ఆమె మాత్రం మెల్లగా, తడబడకుండా, ఇంగ్లీషులో మొదలుపెట్టింది. గుండెకు ఉన్న గదులు, వాటి మధ్య తలుపులు, రక్తం వచ్చే దారి, పోయే దారి. పొగకు దగ్గు వస్తే ఆగి, ఆగిన వాక్యాన్నే మళ్లీ అందుకుంది. నాకు ఆ పాఠం తెలుసు. ఒక్క ముక్క జారలేదు. అక్కడ కాలేజీలో అందరూ కాగితాల మీద రాస్తుంటే ఆమె ఇక్కడ తన పరీక్ష రాసుకుంటోందని నాకు అర్థమైంది.

"ఓలమ్మో, దొరసాని దెయ్యమే! ఇంగిలీసు మాటాడతంది!" అని వాళ్ల నాయనమ్మ గుండెలు బాదుకుంది. వైద్యుడు ఇంకా గట్టిగా కొట్టాడు.

"అది దెయ్యం కాదు, పాఠం! అక్క పాఠం అప్పజెప్పతంది!" అని నేను అరిచాను. మా అమ్మ నా చెంప ఛెళ్లుమనిపించి ఇంట్లోకి ఈడ్చుకుపోయింది. లోపలి నుంచి వింటూనే ఉన్నాను. రక్తం ఒళ్లంతా తిరిగి మళ్లీ మొదటి గదికి చేరింది. పాఠం అయిపోయింది. ఆ తర్వాత అక్క గొంతు వినపడలేదు. దెయ్యం దిగిపోయిందన్నారు.

సాయంత్రం అన్నగారు తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ప్రశ్నలెలా వచ్చాయని ఎవరో అడిగారు. గుండె గురించి పెద్ద ప్రశ్న వచ్చిందట. నాలుక చివరే ఉందట గాని గుర్తుకు రాలేదట. వదిలేశాడట. ఇంట్లో దెయ్యం గొడవ పెట్టుకుని పిల్లాడు మాత్రం ఎలా రాస్తాడని వాళ్లమ్మ పాలు కలిపి ఇచ్చింది. గోడ పక్కన అక్క మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. అంతా విన్నది. తలెత్తలేదు.

ఆమెను మళ్లీ కాలేజీకి పంపలేదు. తర్వాత కూడా అదే కొళాయి దగ్గర అంట్లు తోమేది, నోరు మెదపకుండా. ఎంత నెమ్మదస్తురాలైపోయిందో అని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్లలో చాలామంది పోయారు. నా కోపం పోలేదు.

నేను అక్క పద్ధతిలోనే చదివాను. పుస్తకం మూసి, గోడకు చెప్పుకుని, ఆగినచోట తెరిచి చూసుకుని కాలేజీ దాటాను, పిల్లలకు జీవశాస్త్రం చెప్పే ఉద్యోగమూ చేశాను. కాకపోతే నోరు విప్పేముందు తలుపు గడియ పెట్టుకునేదాన్ని, ఎండాకాలమైనా సరే.

ఇప్పుడు ఆదిత్యపూర్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. మనవరాలు కాలేజీలో చేరింది. మొదట్లో పుస్తకమంతా పెన్నుతో పసుపు రంగు పూసి, అదే చదువనుకునేది. ఆ పెన్ను లాక్కుని అక్క పద్ధతి నేర్పాను. ఇప్పుడది గదిలో తిరుగుతూ, చేతులు ఊపుతూ, గొంతు మార్చి తననే ప్రశ్నలడిగి జవాబులు చెప్పుకుంటుంది. తలుపు బార్లా తెరిచే ఉంటుంది. పనిమనిషి చూస్తుంది, పక్క ఫ్లాటువాళ్లు చూస్తారు, ఎవరూ ఏమీ అనరు. అనరని నాకూ తెలుసు.

అయినా దాని గొంతు మారిందంటే చాలు, చేస్తున్న పని వదిలి లేచి వెళ్లి తలుపు మూసేస్తాను. "నానమ్మా, దర్వాజా ఖోలో, గర్మీ లగ్ రహీ హై," అని, ఉక్కగా ఉంది తలుపు తియ్యమని హిందీలో విసుక్కుంటుంది. ఎందుకో చెబితే నవ్వుతుందేమోనని చెప్పలేదు. దాని పాఠం చివరిదాకా అయ్యేవరకు బయట కుర్చీ వేసుకుని, గడియ మీద చేయి వేసి కూర్చుంటాను.