కీమాన్ లెక్కపెట్టిన డిస్కులు

దెయ్యాలున్నాయనే వాళ్లతో నేను వాదించను. నాకంత ఓపిక లేదు. చాలా ఏళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషిని. నా లెక్కలో ఫైలు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పైగా మాది చర్చికి వెళ్లే కుటుంబం, దెయ్యం మాటెత్తితే అమ్మ ఊరుకునేది కాదు. కాబట్టి ఇది రాయడం నాకే కాస్త సిగ్గుగా ఉంది. కానీ నా డ్రాయరులో ఒక సీడీ ఉంది. అది నా చేతికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. తెలిసినంత మట్టుకు వరసగా చెబుతాను.

మా నాన్న పేరు డేవిడ్. కిరండూల్ లైన్లో ఇనుప ఖనిజం మోసే గూడ్సు బళ్లు నడిపి రిటైరయ్యాడు. అరకులో చిన్న ఇల్లు కట్టుకుని, పెరట్లో నాలుగు కాఫీ మొక్కలు వేసుకున్న రెండో ఏడే పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది. మాట పోలేదు, కాలు కూడా కొంత కోలుకుంది. ఎడమ చెయ్యి మాత్రం ఒళ్లో అలా పడి ఉండేది.

మూడు నెలల లోపు ఆ చేతికి పని చెప్పకపోతే బిగుసుకుపోతుందని, తరవాత తన దగ్గరికి వచ్చి లాభం లేదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. నొక్కమని ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. నాన్న దాన్ని కుడిచేత్తో పెరట్లో కోడి మీదికి విసిరాడు. ముప్పై ఏళ్లు ఇంజను నడిపినవాడు పిల్లల బంతి నొక్కుతూ కూర్చోవాలా అని కోపం. రెండు నెలలు గడిచిపోయాయి. కిటికీ పక్కన మంచం, మంచం మీద నాన్న, గుమ్మంలో అమ్మ. ఇద్దరూ ఆ గది దాటేవాళ్లు కాదు.

నేనప్పుడు విశాఖలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతూ హాస్టల్లో ఉండేదాన్ని. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులు. రైలు నడిపే గేమ్ ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. వేగం పెంచడానికి, బ్రేకు వెయ్యడానికి మీటలన్నీ కీబోర్డుకి ఎడమ వైపున్నాయి. అది చూడగానే నాకు నాన్న చెయ్యి గుర్తొచ్చింది. ఫోన్లో చెబితే ఆయన ఒక్కటే అడిగాడు, సొరంగాలుంటాయా అని. ఉంటాయన్నాను. జబ్బు చేశాక ఆయన నన్ను తనంతట తాను అడిగిన మొదటి మాట అదే.

క్లాసులయ్యాక డౌన్‌లోడు పెట్టుకుంటే తొమ్మిది రోజులు పట్టింది. మొత్తం నాలుగు గిగాబైట్ల పైచిలుకు. మా ఇంట్లో ఉన్నది పాత కంప్యూటరు, సీడీలు తప్ప ఇంకేదీ చదవదు. అందుకని గేమును సీడీకి పట్టేంత ముక్కలుగా కోసి ఒక్కో ముక్కనీ ఒక్కో సీడీలో ఎక్కించాలి. అక్కడ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది వరసగా ఒక్కొక్కటీ అడుగుతుంది. ఏ ఒక్కటి లేకపోయినా మిగతావన్నీ దండగే.

పది సీడీల డబ్బా కొన్నాను. ఆరు ఎక్కించి, మార్కరుతో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశాను. కాగితం కవర్లలో పెట్టి, గుడ్డ సంచిలో వేసి తాడు బిగించాను. మిగిలిన నాలుగు ఖాళీ సీడీలు హాస్టల్లో పెట్టెలో పెట్టి తాళం వేశాను. కొత్త బ్యాచి వస్తోందని మా సారు తొందర పెడితే ఇన్‌స్టిట్యూట్‌ కంప్యూటర్లోంచి గేమంతా తీసేశాను. ఈ అంకెలు మాత్రం గుర్తుంచుకోండి.

వారం సెలవు పెట్టి పొద్దున్న కిరండూల్ పాసింజరెక్కాను. వాన. చిమిడిపల్లి స్టేషను దాటాక ఒక సొరంగంలో బండి ఆగింది. ముందు పట్టాల మీద కొండరాయి పడిందట. అయిదు నిమిషాలన్నారు, పది అన్నారు, తరవాత ఎవరూ ఏమీ అనలేదు.

మూడు గంటలు ఉన్నాం. కిటికీలోంచి చెయ్యి చాపితే తడి బండ తగిలేది. తలుపు దగ్గరికి వెళ్లినా దిగే చోటు లేదు. పెట్టెలో వెలుగుతున్న ఒక్క దీపం మసకబారి, కాసేపటికి అదీ పోయింది. ఎవరి బిడ్డో ఏడ్చి ఏడ్చి ఆపేసింది. పైనుంచి నీళ్లు కారుతున్న చప్పుడు ఒక్కటే. బయట పట్టపగలని తెలుసు, అయినా నాకు ఊపిరి ఆడలేదు. గట్టిగా అరుస్తానేమోనని భయం వేసింది. సంచిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు ఎదురు సీట్లోంచి ఒకాయన పలకరించాడు. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో గమనించలేదు. మొహం కనపడలేదు. తడిసిన బట్టల వాసన, గ్రీజు వాసన మాత్రం తెలుస్తున్నాయి.

"ఏటమ్మా అవి, సంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నావు?"

మామూలప్పుడైతే జవాబు చెప్పేదాన్ని కాదు. ఆ చీకట్లో మాట్లాడుతూ ఉంటే భయం తగ్గుతుందని అన్నీ చెప్పేశాను. నాన్న పేరు, ఆయన చెయ్యి, డాక్టరు పెట్టిన గడువు, ఈ డిస్కులు. ఆయన అంతా విని సంచి ఒకసారి ఇమ్మన్నాడు. ఎందుకిచ్చానో తెలియదు, ఇచ్చాను. లోపలున్న కవర్లను గోటితో తడుతున్న చప్పుడు వినిపించింది. ఒక్కోదాన్నీ రెండేసి సార్లు, టకటక, టకటక.

"ఏడున్నాయి," అన్నాడు.

ఆరేనండీ అన్నాను. మళ్లీ మొదటినుంచీ తట్టాడు.

"ఏడే అమ్మా. ఏదీ ఒగ్గీనేదు, అన్నీ తట్టినాను. డేవిడ్ బాబుకి సెప్పు, లెక్క సరిపోయిందని."

సంచి నా ఒళ్లో పెట్టాడు. పాపం లెక్క రాదేమో అనుకున్నాను. ఇంకాసేపటికి బండి కదిలింది. వెలుగులోకి రాగానే చూస్తే ఎదురు సీట్లో అనాస పళ్ల గంప ఉంది. శృంగవరపుకోటలో ఎక్కిన ముసలమ్మ అక్కడ పెట్టింది. మనిషి కూర్చోడానికి దాన్ని దించారా అని అడిగితే ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఎవరో దించి, మళ్లీ ఎత్తి పెట్టి ఉంటారని సరిపెట్టుకున్నాను. సంచి విప్పి లెక్కపెట్టాను. ఆరు.

మర్నాడు పొద్దున్న నాన్న మంచం పక్కనే కంప్యూటరు పెట్టి మొదలుపెట్టాను. నాన్న దిండుకి ఆనుకుని తెర వైపే చూస్తున్నాడు. ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి తానే కీబోర్డు మీద పెట్టుకున్నాడు. అమ్మ వచ్చి కంప్యూటరు డబ్బా మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి వెళ్లింది. ఒకటి, రెండు, మూడు, అన్నీ చక్కగా చదివింది. ఆరోది పెట్టి దాని కవరు మంచం మీద పడేశాను. కిటికీ గాలికి అది ఎగిరి కింద పడితే అమ్మ తీసి మిగతా కవర్ల మీద పెట్టింది.

ఆరోది అయ్యాక తెర మీద ఒక పెట్టె వచ్చింది. ఏడో ముక్క ఉన్న డిస్కు పెట్టమంటోంది.

చేసిన తప్పు అప్పుడు తెలిసింది. కోసినప్పుడు ఆరు పూర్తి ముక్కలు పోగా చివర్న చిన్న తోక మిగిలింది. రెండు మూడు మెగాబైట్లు ఉంటుందేమో. ఆ ఫోల్డర్లో అడుగున ఉండిపోయింది. నేను చూసుకోలేదు, అన్నింటితో పాటు చెరిపేశాను. ఇప్పుడు ముందుకు వెళ్లాలంటే ఆ ముక్క కావాలి. వద్దని నొక్కితే ఎక్కినదంతా పోతుంది. కరెంటు పోయినా అంతే.

ఇంట్లో ఫోను వానకి మూగబోతే, తడుస్తూ టెలిఫోను బూతుకి పరుగెత్తి ఇన్‌స్టిట్యూట్‌కి ఫోను చేశాను. ఆ కంప్యూటరు అప్పుడే తుడిచేసి కొత్తవన్నీ ఎక్కించారట. బయటికొచ్చేసరికి ఇంకో కబురు తెలిసింది. రాత్రి మరో చోట రాళ్లు పడి రైళ్లు ఆపేశారు, ఘాట్ రోడ్డు కూడా కోసుకుపోయింది. ఏ దారీ లేదు. ఇంకో తొమ్మిది రోజులు డౌన్‌లోడు చెయ్యాలన్నా ముందు నేను కొండ దిగాలి. అంతలో డాక్టరు చెప్పిన మూడు నెలలూ అయిపోతాయి.

తడిసి ఇంటికొచ్చి నాన్న ముందే ఏడ్చేశాను. రైల్లో ఎవడో ఏడున్నాయన్నాడు, నేనే తెలివైనదాన్నని నవ్వుకున్నాను అని ఆ అక్కసు కూడా వెళ్లగక్కాను. నాన్న నా వైపు తిరిగాడు.

"ఎలా లెక్కెట్టినాడు?"

మంచంకోడు మీద తట్టి చూపించాను. టకటక, టకటక. ఆయన మొహం పాలిపోయింది. బండి ఎక్కడ ఆగిందో అడిగి తెలుసుకున్నాడు.

ఆ సొరంగం దగ్గర పట్టాల బీటు సింహాద్రి అనే కీమానుదట. పట్టాలను బిగించి పట్టే ఇనుప కీలుంటాయి. కీమాను రోజూ తన బీటంతా నడిచి వాటిని సుత్తితో తట్టి చూసుకోవాలి. సింహాద్రి ఒక్కో కీనీ రెండు సార్లు తట్టేవాడట. లైను బాగుందనుకుంటే సొరంగం మూతి దగ్గర నిలబడి వచ్చే బండికి చెయ్యెత్తేవాడు. ఆయన మలేరియాతో పోయి అప్పటికి ఆరేళ్లు. అమ్మ గుమ్మంలోంచే, ఈ ఇంట్లో అలాంటి మాటలొద్దని గట్టిగా అంది. నాన్న నా వైపు కుడిచెయ్యి చాపాడు.

"ఆడు లెక్క తప్పడు. ఆ కవర్లు ఇలా తే," అన్నాడు నాతో.

ఇచ్చాను. కుడిచేతి గోటితో తట్టుకుంటూ వెళ్లాడు. ఒకటో కవరు నుంచి అయిదో కవరు దాకా డిస్కులున్నాయి. ఆరోది ఖాళీ కవరు, దాని డిస్కు ఇంకా కంప్యూటర్లోనే ఉంది. దాన్ని కూడా రెండు సార్లు తట్టి నా చేతిలో పెట్టాడు. బరువుగా తగిలింది.

లోపల ఒక సీడీ ఉంది. మార్కరు అంకె లేదు, ఏ గీతా లేదు. దాన్నే డ్రైవులో పెట్టాను. డ్రైవు కాసేపు గుర్రుమని తిరిగింది. తెర మీది పెట్టె మాయమై, గేము ఎక్కడం పూర్తయింది.

మొదటి రెండు రోజులు ఆ వేళ్లు కదల్లేదు. నాన్న కుడిచేత్తోనే అడ్డంగా వంగి మీటలు నొక్కుతూ బండి నడిపాడు. నాకు మళ్లీ ఆశ పోయింది. మూడో రోజు మధ్యాహ్నం, ఎక్కడిదో మంచు దేశపు లైను మీద బండి పోతోంది. ఎదురుగా సొరంగం వచ్చింది. అప్పుడు నాన్న ఎడమ చెయ్యి కీబోర్డు మీద నుంచి మెల్లగా లేచింది. వణుకుతూ భుజం దాకా లేచి, బండి చీకట్లోకి వెళ్లేదాకా అక్కడే నిలబడింది. తెర మీద సొరంగం మూతి దగ్గర మనిషెవరూ లేరు. నేను చూశాను.

చెయ్యి దించుకున్నాక నాన్న చెప్పాడు. సింహాద్రి చెయ్యెత్తినప్పుడల్లా తనూ కిటికీలోంచి ఎడమ చెయ్యి బయటపెట్టి ఎత్తేవాడట. ఆఖరిసారి జోరు వాన. సింహాద్రి తడుస్తూ చెయ్యెత్తి నిలబడ్డాడు.

"అద్దం దించడానికి బద్ధకించినాను. మరి ఆడు కనబణ్ణేదు. అదే సెయ్యి ఇది."

ఆ తరవాత ఆ చెయ్యి నెమ్మదిగా దారికొచ్చింది. నాన్న పోయేవరకూ కాఫీ గ్లాసు దాంతోనే పట్టుకునేవాడు. డాక్టరు తన బంతి పనిచేసిందనుకున్నాడు.

దారులు తెరుచుకున్నాక హాస్టలుకెళ్లి ముందు పెట్టె తాళం తీశాను. నాలుగు ఖాళీ సీడీలూ ఉన్నాయి. అంటే నేను ఎక్కించింది ఆరే. మా సారుని అడిగాను, నా గదిలో అమ్మాయిల్ని అడిగాను. నా సంచి ఎవరూ ముట్టుకోలేదు. అంకె లేని ఆ సీడీలో ఒకే ఒక్క చిన్న ఫైలుంది, మిగతా ఆరింటి తేదీయే దానికీ ఉంది. ఎలా అని నన్ను అడక్కండి. ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఆ నాలుగు ఖాళీ సీడీలూ నేనింకా వాడలేదు. అప్పుడప్పుడూ తీసి, ఒక్కోదాన్నీ రెండేసి సార్లు తట్టి లెక్కపెడతాను. ప్రతిసారీ నాలుగే ఉంటాయి.