పోయి అడిగితే పోలా?

మా లింగన్నకు ఒకే ఒక్క జబ్బు. ఫోన్‌లో ఏ సంగతి వచ్చినా, అది ఎవరి గురించి వచ్చిందో వాళ్ళ దగ్గరికే పోయి, మొహం మీదే అడిగి తేల్చుకుంటే తప్ప ఆయనకు అన్నం సయించదు. లోకంలో మిగతా జనమంతా మెసేజ్ చదువుతారు, నమ్ముతారు, నాలుగు గ్రూపుల్లోకి తోస్తారు, హాయిగా పడుకుంటారు. లింగన్న మాత్రం మెసేజ్ చదివి చెప్పులేసుకుంటాడు.

చెప్పులేసుకుని నేరుగా నా దుకాణానికి వస్తాడు. అదీ నా ఖర్మ. నా పేరు మోయిజ్. మేడ్చల్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నాది. లింగన్నది అత్వెల్లి. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊళ్ళకు ఊళ్ళనే మోసిన మనిషి, రిటైరైన మర్నాటి నుంచి సైకిలు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. "స్టీరింగుకు దండం బెట్టిన తమ్మీ. ఇగ నేను పాసింజర్‌నే" అంటాడు. ఆ పాసింజరుకు బండి నాది, డ్రైవర్ని నేను. పోనీ వెనక కూర్చుని ఊరుకుంటాడా? "గేరు మార్చు" అంటాడు. నా స్కూటీకి గేర్లు లేవు మొర్రో అన్నా వినడు. "గందుకే గిట్ల గుంజుతాంది" అంటాడు.

ఒకరోజు నేను ఎవరిదో ఫోన్ విప్పి, స్క్రూలన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. లింగన్న వచ్చి నిలబడ్డాడు.

"తమ్మీ, శామీర్‌పేట చెర్ల మొసలి తేలిందట. పోయి అడుగుదాం పా."

"మొసలిని అడుగుతవా?"

"మొసలి ఉంటే మొసలిని అడుగుత. లేకుంటే చేపలు వట్టెటోళ్ళను అడుగుత."

పోయాం. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒకాయన లింగన్న మాట విని నోరు తెరిచాడు. "మొసలా? రోజూ నీళ్ళల్ల దిగేది నేను. నన్ను ఇడిసిపెట్టి అదేమన్న ఉపాసం ఉంటాందా?" అన్నాడు. అంతటితో తిరిగొచ్చే మనిషైతే ఆయన లింగన్న ఎందుకవుతాడు? ఎండ నడినెత్తికి వచ్చేదాకా నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి గొంతు సవరించుకుని మా చుట్టుపక్కల ఊళ్ళ వాట్సాప్ గ్రూపులో మాట్లాడి పెట్టాడు: "నేను లింగంను మాట్లాడుతున్న. మొసలి లేదు. నేను పోయి సూసిన." వెంటనే కింద ఎవరో రాశారు: "గీ మాట ఏ పార్టీ వాళ్ళు చెప్పమన్నరు?"

పార్టీ అంటే గుర్తొచ్చింది. మా దగ్గరి లీడరొకాయన పార్టీ మారాడని ఒకసారి మెసేజ్ వచ్చింది. లింగన్న నన్ను ఆయనింటికే లాక్కుపోయాడు. గేటు ముందు కార్లు, లోపల మనుషులు. నేను బండి స్టాండు వేయకుండానే ఉన్నాను, పారిపోవడానికి వీలుగా. లింగన్న నేరుగా పోయి, "సారూ, మీరు నిన్న పార్టీ మారిన్రట గదా?" అన్నాడు. లీడరు గారు అటూ ఇటూ చూసి, లింగన్న చెవి దగ్గరికి వంగి, "నిన్న గాదే, ఎల్లుండి. నీకెట్ల తెలిసింది?" అన్నారు.

ఫోన్లు మన మాటలు దొంగచాటుగా వింటాయనీ, మనం ఏది మాట్లాడితే దాని అడ్వర్టైజ్‌మెంటే చూపిస్తాయనీ ఇంకోసారి వచ్చింది. ఇది ఎవరి గురించి? ఫోన్ గురించి. కాబట్టి ఫోన్‌నే అడగాలన్నాడు. నా దుకాణంలో కుర్చీ వేసుకుని ఫోన్ ఎదురుగా పెట్టుకుని, "నాకు బర్రె గావాలె. మంచి పాడిబర్రె గావాలె" అని పొద్దున్నుంచీ దానితో మొరపెట్టుకున్నాడు. వచ్చిన గిరాకీ అంతా గుమ్మంలోనే ఆగిపోయి, లోపల ఎవరికో బాగాలేదనుకుని వెనక్కి పోయింది. సాయంత్రం ఫోన్ తెరిస్తే బర్రె లేదు గానీ, పొట్ట తగ్గించే బెల్టు కనిపించింది. లింగన్న ఫోన్ని చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ ఫోన్ని చూశాడు.

"ఇంటలేదు తమ్మీ. సూస్తాంది" అన్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, నేను చచ్చిపోయిన రోజు ఒక ఎత్తు. వేరే ఊళ్ళో ఎవరో మోయిజ్ పోతే, ఏ మహానుభావుడో నా ఫోటో తగిలించి పెట్టాడు. గ్రూపు నిండా దండాలు. నా దగ్గర రిపేరుకు ఫోన్లిచ్చిన వాళ్ళంతా కంగారుగా దుకాణం వైపు బయల్దేరారు. పొద్దున్నే మా ఇంటి తలుపు దబదబ కొడుతుంటే నోట్లో బ్రష్‌తో పోయి తీశాను. లింగన్న.

"తమ్మీ, నువ్వు పోయినవట గదా, నిజమేనా?"

"నిజమైతే తలుపెవరు దీసిన్రు లింగన్నా?"

"నేను నమ్మలే. అయినా నీ నోటితోని నువ్వు జెప్పాలె."

"బతికే ఉన్న."

"గట్ల జెప్పు!" అని, నన్ను పక్కన నిలబెట్టుకుని ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. "పాత ఫోటో" అని కొట్టిపారేశారు జనం. మా ఆవిడ నజ్‌నీన్ ఆయనకు చాయ్ ఇస్తూ, "లింగన్నా, ఈయన బతికున్నడని రోజూ నాకు గూడ జర గుర్తుజేస్తుండు. దుకాణంల కూసుంటే ఇల్లే మర్సిపోతడు" అంది.

ఆషాఢం బోనాలు దగ్గర పడ్డాయి. ఆ వారం లింగన్న వచ్చినప్పుడు మొహంలో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. ఫోన్ నా ముందు పెట్టాడు. గౌడవెల్లిలో పోచమ్మ గుడి ముందు పూలమ్మే బాలనర్సమ్మ ఫోటో అది. నల్లద్దాలు పెట్టుకుని చర్చి గేటులోంచి బయటికి వస్తోంది. కింద రాత: "బాలనర్సమ్మ మతం మారింది. ఇక ఆ చేతి పూలు అమ్మవారికి ఎట్లా ఎక్కిస్తారు?"

"పోయి అడుగుదాం పా" అన్నాడు.

నేను స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను. "లింగన్నా, మొసలి దగ్గరికి తోలుకపోయినవ్, వచ్చిన. లీడరు దగ్గరికి తోలుకపోయినవ్, వచ్చిన. ఇది దేవుళ్ళ ముచ్చట. మతం మారినవా అని అడగనీకె మోయిజ్ పోయిండంటే, రేపటికల్లా మెసేజ్ నా మీద వస్తది. ఈసారి నిజంగనే సంపుతరు నన్ను!"

"నువ్వు బండి తోలు. అడిగేది నేను."

"ఆటోల పో!"

"ఆటోవోడు మధ్యల నలుగుర్ని ఎక్కిచ్చుకుంటడు. లేటయితది."

తిట్టుకుంటూనే బండి తీశాను. గుడి పక్కన నీలం టార్పాలిన్ కింద బాలనర్సమ్మ కూర్చుని ఉంది. కళ్ళకు నల్లద్దాలు. ముందు గంపలో బంతిపూలు రంగు మారిపోతున్నాయి. బోనాల ముందు నిలబడ్డానికి చోటుండని ఆ గుడి ముందు, మనుషులు ఆమెను తప్పించుకుని అవతలి వైపు నుంచి నడుస్తున్నారు. నేను టైరులో గాలి చూస్తున్నట్టు వంగి కూర్చున్నాను.

"అక్కా, నువ్వు మతం మార్చుకున్నవట గదా?" అన్నాడు లింగన్న, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా.

ఆమె చెంప మీద ఒకటిస్తుందనే అనుకున్నాను. నల్లద్దాల్లోంచి చాలాసేపు చూసింది.

"నువ్వే ఫస్టు లింగం" అంది.

"ఏంది?"

"అడిగినోనివి నువ్వే ఫస్టు. ఊరంత నా గురించి మాట్లాడుతాంది. నాతోని మాత్రం ఒక్కరు మాట్లాడుతలేరు. కండ్లల్ల మోతిబిందు, పొర గమ్మె. దండ గుచ్చుతుంటే సూది వేలుకు దిగుతుండె. చర్చిల కండ్ల క్యాంపు వెట్టిన్రంటే పోయి ఆపరేషన్ జేపిచ్చుకున్న. క్యాంపు యాడుంటే గాడికే గదా పోవాలె? మొన్న బ్యాంకుకు గూడ పోయిన. మేనేజర్నయిన్నా?"

లింగన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నా మొకం నాది. నన్ను అడగకుంట ఫోటో ఎట్ల దీసిన్రు? తీసినోడు తీసె, నా ఎన్క లైన్ల ఎవరున్నరో గూడ సూడకపాయె. గా మెసేజ్ పెట్టిన బాలేష్ తల్లే నిలవడ్డది!"

లింగన్న సంచి పరుచుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు. తిన్నావా అని అడిగాడు. కంట్లో చుక్కలు ఎవరు వేస్తున్నారని అడిగాడు. "ఎవరేస్తరు? నేనే ఏసుకుంటున్న. కంట్ల ఒకటి వడ్తే చెంప మీద రెండు" అంది. లింగన్న బోరింగు దగ్గర చేతులు శుభ్రంగా కడుక్కొచ్చి, ఆమె అద్దాలు తీసి, తల వెనక్కి ఆనించి చుక్క వేశాడు. ఒక్కటి కూడా చెంప మీద పడలేదు. నేను ఇక టైరు చూడ్డం మానేశాను.

గ్రూపు నడిపే బాలేష్ కిరాణా దుకాణం రెండు సందుల అవతలే. లింగన్న పోయి కౌంటరు మీద చెయ్యి పెట్టాడు.

"బాలేషూ, గిది నువ్వే వెట్టినవా?"

"నాకొచ్చింది, పంపిన."

"పోయి అడిగినవా?"

"అడిగేదేముందే? ఫోటో ఉన్నది గదా!"

"తమ్మీ, గా ఫోటో జర పెద్దగ జెయ్యి" అన్నాడు నాతో. నేను వేళ్ళతో సాగదీశాను. బాలనర్సమ్మ వెనక ఇంకో పెద్దావిడ, ఆకుపచ్చ చీర, నల్లద్దాలు. "మల్ల గీమె గూడ మారిందా బాలేషూ?" అన్నాడు లింగన్న.

బాలేష్ ఫోన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. మొహంలో రంగు దిగిపోయింది. "మా అమ్మ" అన్నాడు. "మా అమ్మకు ఆపరేషనైందా? మా అన్న దగ్గరుంటది. నాకెవరు జెప్పలే."

"నువ్వు అడిగినవా? ఫోన్ సేతులనే ఉంటది గదరా నీకు ఎప్పుడూ!"

బాలేష్ షట్టరు సగం దించి మాతోపాటే వచ్చాడు. నా స్కూటీ మీద ముగ్గురం. ముందు హ్యాండిల్‌కు ఒత్తుకుని నలిగిపోతూ నేను, పొట్ట బెల్టు కొనుక్కోవాల్సిందే అనుకున్నాను. బాలేష్ బాలనర్సమ్మ ముందు తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె పండగకు సరిపడా తిట్టి, ఆఖర్న, "నీ తల్లికి పులుపు వెట్టొద్దన్నరు డాక్టర్లు. పోయి మీ వదినకు జెప్పు" అంది. బాలేష్ అక్కడే నిలబడి గ్రూపులో "నేను పెట్టింది తప్పు, ఆమెది కంటి ఆపరేషన్" అని రాసి, గంపలో మిగిలిన మంచి పూలన్నీ తీసుకుని అమ్మను చూడ్డానికి పోయాడు. బోనాల నాడు బాలనర్సమ్మ గంప మధ్యాహ్నానికే ఖాళీ.

కానీ దానికి ముందు, మర్నాడు పొద్దున్నే లింగన్న మళ్ళీ దుకాణంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఇయ్యాల ఏం మెసేజ్ వచ్చింది?" అన్నాను పళ్ళు కొరుకుతూ.

"ఏం రాలే. అక్కకు సుక్కలెయ్యాలె. పా."

దారిలో ఉండబట్టలేక అడిగాను. "లింగన్నా, నిజం జెప్పు. ఆమె మతం మారిందని నువ్వు నమ్మినవా?"

"నేను ఏ మెసేజ్ నమ్మిన తమ్మీ? ఒక్కటన్న నమ్మిన్నా?"

"నమ్మకుంటే మల్ల నన్నెందుకు తిప్పినవ్ ఇన్నొద్దులు!"

"ఉత్తగ పోతే ఎందుకొచ్చినవ్ అంటరు. ఏం జెప్తం? ఎట్లున్నవో సూసిపోదామని వచ్చిన అంటే మనిషికి సిగ్గయితది, ఎదుటోళ్ళకు పరేషాన్ అయితది. గదే మెసేజ్ వట్టుకపోతే, ఎవడన్నడు అని మనల్నే కూసోవెట్టి, తిట్టుకుంట తిట్టుకుంట చాయ్ పోస్తరు. మనసుల ఉన్నదంత చెప్పుకుంటరు. సల్లగయితరు."

స్పీడ్ బ్రేకరు వచ్చింది. ఆయన చెప్పకముందే బండి నెమ్మదించాను.

వారం తిరిగాక మళ్ళీ వచ్చాడు, ఫోన్ ముందుకు చాపుతూ. కొంపల్లిలో ఒక పెద్దాయన కుక్కతో ఇంగ్లిష్‌లో మాట్లాడితే అది జవాబు చెబుతోందట. "నాకు మస్తు పనుంది, నీకు దండం బెడత, ఇయ్యాల నేను రాను" అని అరిచాను. అరుస్తూనే తాళంచెవి తీసుకున్నాను. పెట్రోలు పొద్దున్నే పోయించుకున్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.