సుమెయోను కీర్తనలో నా లెక్క

ఆ రోజుల్లో నా గొంతు మీద నాకున్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదేమో. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పొద్దంతా ఫోన్లెత్తి "అడ్మిషన్లు నడుస్తున్నయి సార్" అని చెప్పీ చెప్పీ గొంతు లావెక్కింది. అది వినే, ఎల్.బి.నగర్‌లో మా చర్చి క్వయిర్ నడిపే బందరు మాస్టారు నన్ను బేస్‌లోకి, అంటే అట్టడుగు గొంతులోకి, లాక్కున్నారు. సాయంకాల ఆరాధనలో రెండు కీర్తనలుంటాయి: ఒకటి మరియమ్మ పాడింది, రెండోది, దేవుడి రాక కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, చివరికి చంటి యేసును ఎత్తుకుని, 'ఇక నన్ను పోనియ్యి ప్రభువా' అని ముసలి సుమెయోను పాడింది. మాటలు తెలుగే గాని, నాలుగు గొంతులకు నాలుగు దారులుగా పంచిన ఆ బాణీ దొరల కాలంనాటిది. చేరిన రోజు విని, పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని నిలబడిపోయాను. నాలుగు రకాలుగా పాడితే గందరగోళం కావాలి కదా, మరి ఒళ్ళెందుకు జలదరించింది? (మా ఊరి చర్చిలో అందరం ఒకే రాగం ఎత్తుకుంటేనే నాలుగు రకాలుగా వచ్చేది.)

చర్చి కమిటీకి మాత్రం ఆ బాణీ గిట్టలేదు. నిద్రొస్తోందట. ఈ ఆదివారం కుదరకపోతే అది తీసేసి డ్రమ్స్ పెడతామన్నారు. సరిగ్గా ఆ వారమే, నేను కాక ఉన్న ఒక్కగానొక్క బేస్ పెద్దాయన జ్వరంతో దవాఖానలో పడ్డాడు. మాస్టారు నాకు ఫోన్ చేశారు.

"నీ గొంతు వరకూ నేనే పాడి వాట్సాప్‌లో పంపిస్తానయ్యా. పంపింది పంపినట్టు దించెయ్యాలి. సొంత పైత్యం కలిపావో, నా పరువూ పాటా రెండూ పోతాయి."

"గట్లనే సార్. ఒక్క ముక్క గుడ ఇడ్సిపెట్ట."

అడ్మిషన్ల రద్దీలో శనివారం ప్రాక్టీసుకు పోలేకపోయాను. అయినా చంపాపేట్ కిరాయి గదిలో స్నానం చేస్తూ, సిటీ బస్సులో వేలాడుతూ, అంతా నోటికి పట్టేశాను.

ఆదివారం సుమెయోను కీర్తన నడుమ ఆడవాళ్ళ గొంతులు మెల్లగా పైకి లేచాయి. అక్కడ బేస్ నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊరుకోవాలి. మాస్టారు పంపినదాంట్లో ఆయన ఆ అంకెల్ని పైకే లెక్కపెట్టారు, అదీ రాగంలో. పాత పాట కదా, ఏ అర్థముందో అనుకున్నాను. కళ్ళు మూసుకుని, గుండెనిండా గాలి పీల్చి, "ఒకటీ... రెండూ... మూడూ... నాలుగూ..." అని అందుకున్నాను. నిజం చెప్పొద్దూ, చాలా బాగా కలిసింది. కళ్ళు తెరిస్తే మాస్టారి చెయ్యి గాల్లోనే ఆగి ఉంది, మొహంలో నెత్తుటి చుక్క లేదు. అప్పుడర్థమైంది. మిగతా పాట ఎలా పాడానో దేవుడికే తెలియాలి.

ఆరాధన అయ్యాక మాస్టారు తిట్టలేదు. దాంతో ఇంకా భయమేసింది. కమిటీ సెక్రటరీ మా వైపే వస్తున్నాడు. ఆయనకంటే ముందు, హయత్‌నగర్ నుంచి వచ్చే ఒక అవ్వ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గా ముసలాయన దేవుని కోసం దినాలు లెక్కవెట్టుకుంట కూసున్నడు గద బిడ్డా. నువ్వు పాడుతుంటే, మా ఆయన పోయిన కాడికెల్లి నేను లెక్కవెడుతున్న దినాలే యాదికొచ్చినయి." తర్వాత సెక్రటరీ వైపు తిరిగింది. "అయ్యా, గీ పాట తీసెయ్యకుండ్రి."

ఆయన అవ్వకు తల ఊపి వెనక్కి తిరిగాడు. పాట ఉండిపోయింది. మాస్టారు నా చెవిలో, "వచ్చే వారం లెక్క మనసులో పెట్టుకో నాయనా," అన్నారు.

ఇప్పుడు నాకు స్వరాలు చదవడం వచ్చు, ఎక్కడ ఊరుకోవాలో తెలుసు. ఊరుకున్నంతసేపూ బండి ఎక్కడ పెట్టానో గుర్తు చేసుకుంటుంటాను. మౌనాన్ని కూడా వదలకుండా నమ్మి పాడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.