గాలి యాడినుంచి?

మా సారు పోయాడని మొన్న పొద్దున్నే తిరుపతి నుంచి ఫోను వచ్చింది. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపు రాలేదు. 'పోయినాడా మహానుభావుడు!' అనుకున్నాను. ఆ తర్వాత ఏం చేయాలో తోచక, చల్లారిపోయిన కాఫీ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

తొంభైలలో చిత్తూరులో కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం వదిలేసి, తిరుపతి పోయి వాతావరణ శాస్త్రంలో మళ్ళీ ఎమ్మెస్సీకి చేరాను. చుట్టాలంతా నవ్వారు. బంగారుపాళ్యంలో మామిడితోట చూసుకునే మా నాయన ఒక్కడే నవ్వలేదు. "పూత మీద వాన ఎప్పుడొస్తాదో ముందే సెప్పే సదువంట. సదవనీండప్పా" అన్నాడు. అప్పటికే ఆయన గుండె జబ్బు మనిషి. ఆ పట్టా నా చేతిలో చూసి పోవాలని ఆయన ఆశ.

అక్కడ మాకు పాఠం చెప్పే సారు మొదటిరోజే అందరి ముందూ "సీసాలు కడుక్కునేవాడికి ఆకాశమెందుకబ్బా?" అన్నాడు. ఎప్పుడూ వేలు తడిపి గాలిలో పెట్టి చూసుకునే మనిషి. నన్ను అలిపిరి దగ్గర కొండగాలి కొలవమన్నాడు. దిక్కు చూపే బాణం తిరిగిన రోజుల్లో అది చూపినట్టే రాశాను. అది మొరాయించిన రోజుల్లో టీ బంకుల పొగ చూసి రాశాను. బాణం గాలి వచ్చే దిక్కు చూపుతుంది, పొగ పోయే దిక్కు చూపుతుంది. కెమిస్ట్రీ బుర్రకు ఆ తేడా తట్టలేదు. ఏ రోజు దేన్ని చూసి రాశానో గుర్తూ పెట్టుకోలేదు.

ఏడాది చివర సారు నా కాగితాలు బల్లమీద నుంచి కిందికి తోసేశాడు.

"మొదటి వారమే సూసినా. నీకు ఎప్పుడు తెలుస్తాదా అని ఊరకుండినా."

"అప్పుడే చెప్పుంటే ఏం సార్?"

"ఆడ తప్పుజేస్తే సీసా పగులుతాది. ఈడ తప్పుజేస్తే సముద్రంమీద ఉండేవాళ్ళు పోతారు. మళ్ళీ కొలువు, పో."

ఇంకో ఏడాది! ఇక ఆ రోజు నుంచి ఎక్కడ పొగ కనబడినా "గాలి యాడినుంచి?" అనేవాడు. సరిగ్గా చెప్పినా "మళ్ళీ సూడు" అనేవాడు.

ఆ ఏడాదిలోనే నాయన పోయాడు, పట్టా చూడకుండానే. సారు బస్సెక్కి వచ్చాడు. చితికి నిప్పు పెట్టి నిలబడితే పక్కకొచ్చి, మెల్లగా అడిగాడు.

"గాలి యాడినుంచి?"

"తూర్పు నుంచి, సార్." నోరు దానంతటదే చెప్పేసింది.

"సరే" అన్నాడు. నాతో సరే అన్నది ఆ ఒక్కసారే. ఆ నిమిషంలో ఆయన్ను కొట్టాలనిపించింది.

ఇవాళ వాన కబురు చెప్పి నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే. గాలి దిక్కు మళ్ళీ ఎప్పుడూ తప్పు రాయలేదు. ఆ రుణం ఒప్పుకుంటాను. నాయన సంగతి మాత్రం క్షమించలేను, సారు పోయాడని ఇప్పుడు క్షమించినట్టు నటించలేను.

నిన్న తిరుపతిలో సారు చితి దగ్గర అందరికంటే వెనక నిలబడ్డాను. పొగ కొండవైపు వాలింది. ఎవరూ ఏమీ అడగలేదు.

"దక్షిణం నుంచి, సార్" అన్నాను.

'మళ్ళీ సూడు' అంటాడేమోనని అక్కడే నిలబడ్డాను.