ఏడో బెడ్డులో మా అవ్వ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు నవ్వొస్తుంది. పదకొండేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. పోయినవాళ్ళ కాలి బొటనవేళ్ళు కలిపి కట్టి, ముక్కులో దూది పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళి ఇడ్లీ తిన్న రోజులు ఎన్నో. వాళ్ళలో ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. అందుకే ఇది రాయడానికి నాకే మొహమాటంగా ఉంది.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు చిత్తూరులో నర్సింగు చదివేటప్పుడు హాస్టల్లో నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన ఏడాది మా ఆసుపత్రిలో కేసు షీట్లు ఎత్తేసి అంతా కంప్యూటర్లోకి మారుస్తామన్నారు. విరుదునగర్‌లోని పెద్ద బ్రాంచిలో ఐదు రోజులు ట్రైనింగు. మా ఊరి నుంచి ఆరుగురం రోజూ పొద్దున బస్సెక్కేవాళ్ళం. మాలో పెద్దది సరోజక్క, ఎట్టయాపురం పక్కన నల్లరేగడి పల్లె ఆమెది. మా ఇద్దరికీ ఇంటి భాష తెలుగే. ఆమె సూది వేస్తే పసిబిడ్డ కూడా ఏడవదు. మౌసు ముట్టుకోమంటే మాత్రం తేలును చూసినట్టు చెయ్యి వెనక్కి తీసుకునేది.

మేడమీద హాల్లో పద్ధెనిమిది కంప్యూటర్లు పెట్టారు. నీలం పరదాలు, ఏసీ రొద, బయట మండే ఎండ. మధురై నుంచి వచ్చిన ట్రైనర్ మేడం, అందరూ ఒక ఉత్తుత్తి పేషెంటును తయారుచేసుకోవాలంది. పేరు, వయసు, ఊరు, వెంట ఉండే మనిషి, అన్నీ నింపితేగాని కంప్యూటర్ ముందుకు కదలదు. నా పక్కనున్న పిల్ల గబగబా తన మొగుడి పేరు కొట్టేసింది. సరోజక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"బతికుండేవాళ్ళ పేరు జబ్బు లిస్టులో రాస్తారా? చచ్చినోళ్ళ పేరు పెట్టు. వాళ్ళకి ఇంకేమి జబ్బు వచ్చును?" అని నాతో తెలుగులో అని, ఆ పిల్లకు తమిళంలో చెప్పింది.

మాట హాలంతా పాకింది. మేడం నవ్వుకుని ఊరుకుంది. మధ్యాహ్నానికల్లా మా ఉత్తుత్తి వార్డు నిండిపోయింది. పద్ధెనిమిది మంచాలు, పద్ధెనిమిది మందీ పోయినవాళ్ళే. సాత్తూరు నుంచి వచ్చిన ఒకామె వయసు గడిలో నాలుగు నెలలు అని కొట్టింది. అందరికీ బీపీ చూశాం, జ్వరం చూశాం, మాత్రలు ఇచ్చాం. పేర్లన్నీ వరసగా తెరమీద వెలుగుతుంటే, నిజంగానే అందరూ పడుకుని మావైపు చూస్తున్నట్టు ఉండేది. భయం వేయలేదు. ఏదో హాయిగా కూడా ఉంది.

నేను అవ్వ పేరు పెట్టాను. అమ్మను కన్న తల్లి. నాకొచ్చింది ఏడో బెడ్డు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది అవ్వకు పేగు మెలిపడి మా ఆసుపత్రిలోనే చేర్చాం. ఆపరేషనుకు ముందు నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. మేం ఎన్‌పీఓ అంటాం. ఆ బోర్డు అవ్వ మంచానికి తగిలించింది నేనే. పొద్దున కావాల్సిన ఆపరేషను మధ్యాహ్నానికి వాయిదా పడింది. ఒకటిన్నరకు అవ్వ నా చెయ్యి పట్టుకుని రెండు గుక్కల నీళ్ళు అడిగింది. తడి దూదితో పెదాలు తుడిచి, "ఆపరేషన్ అయినాక నేనే ఇస్తా అవ్వా" అన్నాను. మూడింటికి థియేటర్లో పోయింది. నేను చేసింది సరైన పనే. అయినా ఆ గొంతు నన్ను వదల్లేదు. ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

మొదటి రోజు ట్రైనింగులో నా చేతులు వాటంతట అవే అవ్వకు ఎన్‌పీఓ ఆర్డరు పెట్టేశాయి. ఆపరేషను కేసు అని రాశాక ఇంకేం పెడతాను!

రెండో రోజు అన్నం తినొచ్చి తెరిస్తే, అవ్వ చార్టులో ఒక కొత్త వరస ఉంది. నీళ్ళు, నోటి ద్వారా, ముప్పై మిల్లీ. టైము ఒకటీ ముప్పై రెండు. ఎవరు ఎక్కించారో చూస్తే నా పేరు. ఆ టైముకు నేను కింద డైనింగు హాల్లో రసం అన్నం కలుపుతున్నాను, నాకు బాగా గుర్తు. ఏదో తప్పు నొక్కి ఉంటానని తీసేశాను.

మూడో రోజు అదే వేళకు అరవై మిల్లీ. సాయంత్రానికి మూత్రం గడిలో కూడా లెక్క ఎక్కింది. నన్ను కుదిపేసింది అదే. ఎవరైనా ఆట పట్టించాలనుకుంటే నీళ్ళు రాస్తారు. తాగిన మనిషికి మూత్రం వస్తుందని గుర్తుపెట్టుకుని మరీ రాయరు.

మేడాన్ని అడిగాను. ఆమె చాలాసేపు వెతికింది. మీ ఐడీ, మీ కంప్యూటరే అంది. భోజనం వేళ హాలుకు తాళం వేస్తారు, తాళంచెవి ఆమె సంచిలోనే ఉంటుంది. మా అందరి పాస్‌వర్డులూ ప్లాస్టరు ముక్కమీద రాసి ఐడీ కార్డు వెనక అంటించి ఉంటాయి, అది నర్సుల అలవాటు. కనక నా పాస్‌వర్డు ఎవరైనా చూసి ఉండొచ్చు. పోయినవాళ్ళ పేర్లు పెట్టమంది సరోజక్కే కాబట్టి ఆమె మీదే అనుమానం వచ్చి అడిగాను.

"నాకు ఆ ఎలుకని పట్టుకొనేదే రాదు, నేను ఎట్ల చేతును?" అంది. ఆమెను అడిగినందుకు సిగ్గేసింది.

నాలుగో రోజు నేను భోజనానికి పోలేదు. మేడం బయట తాళం వేసి వెళ్ళింది. అవ్వ చార్టు తెరిచి పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏసీ రొద, పరదాల వెనక ఎండ. కళ్ళు మూతలు పడ్డాయో లేదో చెప్పలేను. అవ్వ ఎప్పుడూ చెంబు మూతికి తాకించేది కాదు, పైకెత్తి పోసుకునేది. ఆ చప్పుడు వినిపించింది. గొంతులోకి నీళ్ళు దిగే చప్పుడు. నాకు దాహం తీరినట్టు అనిపించింది. తల ఎత్తి చూస్తే ఒకటీ ముప్పై ఒకటి, రెండువందల మిల్లీ, కింద నా పేరు. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

నిద్రలో నేనే కొట్టానేమో. ఆ రోజుకు ఒప్పుకుంటాను. మిగతా రెండు రోజుల సంగతి ఏమిటి? ఈసారి మాత్రం తీసేయలేదు.

ఐదో రోజు డిశ్చార్జి నేర్పారు. చివర్లో ఒక గడి ఉంటుంది, ఇంటికి పంపామా, వేరే ఆసుపత్రికి పంపామా, చనిపోయారా అని. మేడం అన్నీ ఒక్కోసారి నొక్కి చూడమంది. ఎవరూ వినలేదు. పద్ధెనిమిది మందినీ ఇంటికే పంపాం. సాత్తూరు ఆమె నొక్కి, తెర ముందు కాసేపు అలాగే కూర్చుంది. నేను అవ్వ ఎన్‌పీఓ ఆర్డరు తీసేద్దామని చూస్తే, అది ముందురోజు మధ్యాహ్నమే తీసేసి ఉంది. అదీ నా పేరుతోనే.

డిశ్చార్జి కాగితం ప్రింటు తీసుకున్నాను. సాయంత్రం ఆ వార్డునంతా కంప్యూటర్లోంచి తుడిచేశారు.

మా అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, చదువు లేదు. కాగితం చూసి ఏమిటని అడిగింది. దాచలేకపోయాను, అవ్వ నన్ను నీళ్ళడిగిన సంగతి దగ్గర్నుంచి అంతా చెప్పాను.

"నన్ను గూడా అడిగె," అంది. "నువ్వు అట్ల పోయినప్పుడు. రెండు గుక్కలు పొయ్యవే అనె. నువ్వు వద్దంటివి గదా అని పొయ్యలే. ఇన్నేండ్లు నీళ్ళు తాగేటప్పుడంతా నాకు అదే గుర్తు."

నాకు ఏడుపు ఆగలేదు. నాలాగే అమ్మ కూడా ఇన్నేళ్ళూ మోసిందని నాకు తెలియదు.

"ఇప్పుడు తాగిండాదా?" అని అడిగింది.

"తాగిండాదమ్మా. ఒక గ్లాసు," అన్నాను.

అమ్మ ఆ కాగితం మడిచి రేషన్ కార్డు ఉండే బిస్కెట్ డబ్బాలో పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి చెంబెత్తి నీళ్ళు తాగింది, మధ్యలో ఆపకుండా.

దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. వార్డులో ఎన్‌పీఓ ఉన్నవాళ్ళు అడిగితే ఇప్పుడూ నీళ్ళివ్వను, ఇవ్వకూడదు. ఆ రోజు అవ్వకు నేనే ఇస్తానన్నాను. ఇచ్చినట్టు కాగితంలో నా పేరు ఉంది. ఇచ్చింది మాత్రం నేను కాదు.