ష్వైన్‌ఫర్ట్‌లో ఏడో నంబర్ జెర్సీ ఎవరికి?

రగ్బీ లీగ్ అనే ఆట చూడటానికి ఆదివారం పూట నాలుగు గంటలు రైల్లో కూర్చుంటానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వేదాన్ని. ఇక్కడ జర్మనీలోనే, ష్వైన్‌ఫర్ట్‌లో మాస్టర్స్ చదువుతున్న మా పిన్ని కొడుకు నరేష్ పంపిన వాయిస్ మెసేజ్ నన్ను కదిలించింది. "అక్కా, పై ఆదివారం మ్యూనిక్‌ల పెద్ద మ్యాచ్ ఉన్నది. దానికి ఏడో నంబర్ నాకిస్తరో, ఫెలిక్స్‌కిస్తరో ఈ ఆదివారం ఈడ ఆట చూసి చెప్తడట కోచ్. నువ్వు, బావ తప్పకుండ రాండ్రి" అన్నాడు. ఏడో నంబర్ అంటే హాఫ్‌బ్యాక్. పదమూడు మంది జట్టులో బంతి ఎప్పుడు ఎటు పోవాలో నడిపించేవాడు. కరీంనగర్‌లో కబడ్డీ కూతకు పేరు తెచ్చుకున్న మా వాడు ఇక్కడ ఆ చోటు కోసం నిద్ర మానేసి పాకులాడుతున్నాడు.

మేముండే గార్చింగ్‌లో ఏడింటికి యు-బాన్ మెట్రో ఎక్కి, మ్యూనిక్‌లో ప్రాంతీయ రైలు పట్టుకుని, న్యూరెంబర్గ్‌లో ఇంకోటి మారితే పదకొండు దాటాక ష్వైన్‌ఫర్ట్ వస్తుంది. దేశమంతా చెల్లే నెలవారీ దోయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్లకు అదనపు ఖర్చేమీ లేదు, ఎక్స్‌ప్రెస్ రైలు మాత్రం ఎక్కకూడదు. కిటికీ బయట బీరులో వేసే హాప్స్ తీగల తోటలు బాగున్నాయట. నేను చూడలేదు. తెనాలివాడైన మా ఆయన మాధవ్‌తో పోట్లాడుతూ కూర్చున్నాను.

"మీ తమ్ముడు చేతికొచ్చిన బంతి వదలడే. వీడియోలు చూశాగా. హాఫ్‌బ్యాక్ అన్నాక అందరికీ వడ్డించాలి. వీడేమో మొత్తం తన విస్తట్లోనే వేసుకుంటాడు" అన్నాడు.

"గంత ఉరికేటోడు ఆ టీంల ఇంకొకడున్నడా?"

"పరుగు గురించి ఎవరన్నారిప్పుడు?"

పులిహోర డబ్బా బాంబెర్గ్ దాటేదాకా మూత తియ్యలేదు. తీశాక కూడా ముందు నేనే తిన్నాను.

స్టేషన్ నుంచి మైదానానికి బస్సులో పావుగంట. ప్రవేశం ఉచితం, రొట్టెలో పెట్టిన సాసేజ్ నాలుగు యూరోలు. ప్రేక్షకులు ఒక పెళ్లి బస్సులో సరిపోయేంత మంది. నా పక్కన మడత కుర్చీలో కూర్చున్న పెద్దాయన, ఆ రోజు ఏడో చోటు నరేష్‌కు ఇచ్చినందున మైదానం అంచున ఆడుతున్న ఫెలిక్స్‌కు తాత. నా వచ్చీరాని జర్మన్‌కు జాలిపడి నెమ్మదిగా మాట్లాడాడు. "మావాడు బంతి చక్కగా అందిస్తాడు. కానీ ఎవరైనా మీదికొస్తే భయపడతాడు" అన్నాడు. సొంత మనవణ్ణి అలా అంటాడేమిటని ఆశ్చర్యపోయాను. నేనైతే నరేష్ గొప్పలు తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ఆట మొదలైన కాసేపటికే అసలు సంగతి జరిగింది. నరేష్ బంతితో దూసుకెళ్లాడు. ఇద్దరు పట్టుకోబోతే జారిపోయాడు. ముందంతా ఖాళీ, ఎదుటివాళ్ల గీత దాటి బంతి నేలకానిస్తే పాయింట్లే. అయినా గిరుక్కున వెనక్కి తిరిగి, సొంత గీత వైపు పరుగందుకున్నాడు! జనం గొల్లున నవ్వారు. నాకు మాత్రం సంగతి అర్థమైంది. కబడ్డీలో మనిషిని తాకాక ఇంటి వైపు పరుగెత్తాలి కదా, వాడి కాళ్లు కరీంనగర్‌లోనే ఉన్నాయి. పెద్దాయనకు ఆ ఆట గురించి వివరించాను. ఆయన ఆలోచించి, "అంటే మీ ఆటలో ఒక్కడే వెళ్లి ఒక్కడే రావాలి. అందుకే పక్కవాడు కనబడటం లేదు" అన్నాడు. రైల్లో మా ఆయన చెప్పిందీ అదే. ఒప్పుకోవాలంటే ఒళ్లు మండింది.

సగం ఆట అయ్యాక నరేష్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఎట్ల ఆడుతున్న అక్కా?"

బాగుందని చెప్పడం ఎంత తేలికో! "ఉరుకుడు మంచిగుంది రా. కానీ ఒక్కనివే ఆడుతున్నవ్. పన్నెండు మంది నీ దిక్కే చూస్తున్నరు" అన్నాను. మొహం మాడ్చుకుని, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అనకుండా ఉండాల్సిందని ఎంత బాధపడ్డానో!

రెండో సగంలో రెండు మూడుసార్లు తడబడ్డా, బంతి వదలడం మొదలుపెట్టాడు. చివర్లో మళ్లీ ఇద్దరు మీద పడ్డారు. ఈసారి వెనక్కి తిరగలేదు. వాళ్లను తన మీదికి లాక్కుని, ఆఖరి క్షణంలో బంతిని అంచుకు విసిరాడు. ఖాళీలో ఉన్న ఫెలిక్స్ అందుకుని గీత దాటాడు. పెద్దాయన కర్ర పడేసి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మావాళ్లు గెలిచారు.

క్లబ్ గదిలో కోచ్ మ్యూనిక్ మ్యాచ్‌కు జట్టు పేర్లు చదివాడు. ఏడు, ఫెలిక్స్. నరేష్‌కు పద్నాలుగు, అంటే ముందు బయట కూర్చుని, మధ్యలో ఒకరికి బదులుగా దిగేవాడు. ఒక సగం బాగా ఆడితే చాలదన్నాడు. విచిత్రం ఏమిటంటే, పొద్దున్నుంచి నరేష్‌ను తిట్టిన మా ఆయనే "అన్యాయం కదండీ ఇది! ఆ పాసు ఇచ్చిందెవరు?" అని పెద్దాయనతో తెలుగులోనే వాదనకు దిగాడు. నేను మాత్రం కోచ్‌ది సరైన మాటేనన్నాను.

స్టేషన్‌కు దిగబెట్టడానికి వచ్చిన నరేష్ రైలు వస్తుండగా అన్నాడు: "నంబర్ పోయింది గని అక్కా, ఫెలిక్స్ గీత దాటంగనే నేనే దాటినట్టయింది. కబడ్డీల ఇన్నేండ్లు ఆడిన, గట్ల ఎన్నడనిపియ్యలే."

తిరుగు ప్రయాణమంతా ఆ మాటే నెమరేసుకున్నాను. పరాయి ఊళ్లో మనవాడు గెలవాలని వెళ్లాను. వాడికి అక్కడ పన్నెండు మంది దొరికారని తెలుసుకుని వచ్చాను. జెర్సీ దక్కనందుకు బాధ లేదని కాదు, సంతోషమే ఎక్కువ. వచ్చే ఆదివారం మ్యూనిక్‌లో ఆ మ్యాచ్ చూడాలనుకునేవాళ్లకు ఒక్క సలహా: ఏడో నంబర్ ఎలా ఆడినా సరే, విరామంలో లేచి వెళ్లిపోకండి. పద్నాలుగో నంబర్ దిగేది ఆ తర్వాతే.